రిఫరీ చేతిని చూడు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ప్రొఫెషనల్ రెజ్లింగ్ కోసం నీవు సొంతంగా ఒక పత్రిక పెడుతున్నావని, మొదటి సంచికకు రాయడం కూడా మొదలుపెట్టావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. డబ్బు ఏమైపోతుందోనని వాడు దిగులుపడుతుంటే నేను మాత్రం పొంగిపోయాను. అయితే వాడు నీ ముందుమాటలోని మొదటి వాక్యాన్ని చదివి వినిపించినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. "ఇవన్నీ ఉత్తుత్తి దెబ్బలేనని మనందరికీ తెలుసు" అని రాశావట. ఆ వాక్యం కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు చిన్న విషయాలు చెప్పేస్తాను. పిన్ను కొట్టే పుస్తకానికి పేజీల సంఖ్య నాలుగుతో భాగింపబడాలి. ముందుగా వసూలైన చందా సొమ్ము ఇంకా అచ్చు కాని సంచికలది కనుక దాన్ని విడిగా ఉంచు. ఫొటో తీసినవారి పేరు ఫొటో కిందనే వేసి, వారి డబ్బు ఆ నెలలోనే ఇచ్చెయ్యి. ముసుగు ధరించే రెజ్లర్ల అసలు పేర్లు వారు ఒప్పుకోకుండా వేయవద్దు. మెక్సికోలో ఎప్పుడూ వెండి ముసుగుతో కనిపించిన రెజ్లర్ ఎల్ శాంటో 1984లో మరణించినప్పుడు ఆయనను ఆ ముసుగుతోనే సమాధి చేశారు. ఆ ముసుగు వారికి ఎంతటిదో దీనిని బట్టి తెలుసుకో.

నిర్వాహకులు ఇచ్చే ఉచిత పాసుల విషయంలో జాగ్రత్తగా ఉండు. జపాన్‌లో వీక్లీ ప్రో రెజ్లింగ్ అనే పత్రిక 1995 ఏప్రిల్ 2న పదమూడు సంస్థల రెజ్లర్లను ఒకే రోజు టోక్యో డోమ్‌కు రప్పించి తానే ప్రదర్శన నిర్వహించింది. అంతటి పత్రికను కూడా ఆ మరుసటి ఏడాది న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్ సంస్థ తన ప్రదర్శనలకు రానివ్వలేదు. నీవు టిక్కెట్టు కొనుక్కుని కూర్చునే అలవాటు చేసుకుంటే, తలుపు మూసుకున్న రోజున కూడా నీ పత్రిక ఆగదు.

ఇక అసలు సంగతికి వస్తాను. పాతకాలపు పత్రికలు కేఫేబ్‌ను కాపాడేవి, అంటే రింగ్‌లో జరిగేదంతా నిజమైన పోటీ అన్నట్టే రాసేవి. 1979లో మొదలైన ప్రో రెజ్లింగ్ ఇలస్ట్రేటెడ్ కూడా ఆ దారిలోనే నడిచింది. 1980లలో డేవ్ మెల్ట్‌జర్ వంటి రెజ్లింగ్ విలేకరులు తెర వెనుక సంగతులు రాయసాగారు. 1989లో, ఆటల నియంత్రణ సంఘం పర్యవేక్షణ తమకు తప్పించాలని కోరుతూ, విన్స్ మెక్‌మహన్ నడిపే రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వారే అమెరికాలోని న్యూజెర్సీ చట్టసభలో ఇది పోటీ కాదు, వినోదమని ఒప్పుకున్నారు. ఫలితం ముందే నిర్ణయమై ఉంటుందన్నది అప్పటి నుంచి బహిరంగంగా ఒప్పుకున్న మాటైంది. దానితో మాలాంటి రాతగాళ్లకు ఒక కొత్త జబ్బు పట్టుకుంది: మేము మోసపోలేదని పాఠకుల ముందు చూపించుకోవాలన్న ఆత్రం. ఆ ఆత్రంతోనే నేను చేయకూడని పని చేశాను.

నేను నడిపిన రెజ్లింగ్ పత్రిక మూడో ఏట, ఒక చిన్న హాలులో, రింగ్‌కు రెండు గజాల దూరంలో కూర్చున్నాను. రెండో మ్యాచ్‌లో ఇరవై రెండేళ్ల కుర్రవాడిని ప్రత్యర్థి తలకిందులుగా ఎత్తి, తల కిందకు వచ్చేలా రింగ్ మీదకు దించే పైల్‌డ్రైవర్ అనే పట్టు వేశాడు. కుర్రవాడు పడినచోటనే ఉండిపోయాడు. రిఫరీ మోకాళ్ల మీద కూర్చుని తన రెండు వేళ్లను అతని అరచేతిలో పెట్టి, చెవి దగ్గర ఏదో అడిగి, ఎదురుచూశాడు. వినపడుతున్నదా, ఒంట్లో పట్టు ఉన్నదా అని తెలుసుకోవడానికి వేళ్లు నొక్కమని అడగడం రిఫరీల పద్ధతి. ఆ చేయి మూసుకోలేదు. రిఫరీ లేచి, రెండు ముంజేతులనూ తల మీద అడ్డంగా కలిపి ఇంటూ గుర్తు పెట్టాడు. నిజమైన గాయమైందని లోపలివారికి తెలిపే సైగ అది. ప్రత్యర్థి జనాన్ని తిడుతూనే ఉన్నాడు గాని, అతని కళ్లు మాత్రం రెజ్లర్లు వచ్చిపోయే తెర వైపే ఉన్నాయి. ఇదంతా నేను చూశాను. "వేళ్లు మూసుకోలేదు" అని నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా.

అయితే అంతకు మూడు నెలల ముందు, వేరొక ప్రదర్శనలో, అదే సైగను కథలో భాగంగా వాడితే నేను నిజమని నమ్మి కంగారుగా వార్త రాశాను. పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి నన్ను ఎగతాళి చేశారు. ఆ మంట ఇంకా చల్లారలేదు. అచ్చుకు వెళ్లవలసిన ఆఖరి ఫారం, అంటే ఆఖరి పేజీల కట్ట, ఆ రాత్రే ఇవ్వాలి. లోపలికి వెళ్లి ఒక్క మాట అడిగి ఉంటే పది నిమిషాలు పట్టేది. నేను అడగకుండా ఇంటికి వచ్చి, "ఈ ఏడాది ఇంత చక్కని నటన చూడలేదు" అని శీర్షిక పెట్టి అర పేజీ రాశాను.

నెల తిరగకుండా ఆ కుర్రవాడి తల్లి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. మెడ ఎముక విరిగిందని, ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడని రాశారు. "పుస్తకం పట్టుకోలేడు కనుక నేనే పట్టుకుని చూపించాను, పూర్తిగా చదివాడు" అని కూడా రాశారు. ఒక్క తిట్టు లేదు. తరువాతి సంచిక మొదటి పేజీలో క్షమాపణ వేశాను. ఆసుపత్రికి వెళ్లాను. ఏ మాట అనినా పడదామని సిద్ధపడి వెళితే, అతను పైకప్పు వైపు చూస్తూ, "పడే వరకూ మ్యాచ్ బాగుందా సార్?" అని అడిగాడు. బాగుందని చెప్పాను. నిజంగానే బాగుంది. అతను మళ్లీ రింగ్ ఎక్కలేదు.

1999 మే 23న అమెరికాలోని కాన్సస్ సిటీలో రెజ్లర్ ఓవెన్ హార్ట్ పైనుంచి తాడు సాయంతో దిగవలసి ఉండగా కొక్కెం ముందే ఊడి, రింగ్ మీద పడి మరణించాడు. ఇది ప్రదర్శనలో భాగం కాదని వ్యాఖ్యాత జిమ్ రాస్ టీవీ చూస్తున్నవారికి నొక్కి చెప్పవలసి వచ్చింది. అప్పటికి ఓవెన్ వయస్సు 34 ఏళ్లు. ఒక మనిషి పడిపోయాడని చెప్పినా జనం నమ్మని స్థితి ఎలా వచ్చిందని ఆలోచించినప్పుడల్లా నాకు నా అర పేజీయే గుర్తుకు వస్తుంది.

అందుచేత గాయం కనిపించిన ప్రతిసారీ లోపలికి వెళ్లి అడుగు. రెజ్లర్‌నో, ఇంటివారినో, వైద్యుడినో అడుగు. చెప్పడానికి ఇష్టపడకపోతే బలవంతపెట్టకు. తెలియకపోతే ఇంకా తెలియలేదని అచ్చులోనే రాయి. ఆఖరి ఫారం ఒక రోజు ఆలస్యమైతే ఊరుకునే ప్రెస్‌తోనే ఒప్పందం చేసుకో, కొంచెం ఎక్కువ అడిగినా సరే.

ఇంకొకటి. శిక్షణ ఇచ్చే చోటికి వెళ్లి, వారి అనుమతితో ఖాళీ రింగ్ ఎక్కు. కాన్వాస్‌ను అరచేతితో నొక్కి చూడు. దాని కింద పలుచని మెత్త, ఆ కింద చెక్కలు, చెక్కల కింద ఇనుప దూలాలు ఉంటాయి. గురువు పక్కన ఉండగా, గడ్డం గుండెకు ఆనించుకుని, చేతులు చాపి, ఒకే ఒక్కసారి వెల్లకిలా పడు. రెండోసారి వద్దు తల్లీ, నేను తట్టుకోలేను. ఆ చప్పుడు వీపులో ఉండగానే ఇంటికి వచ్చి ముందుమాట మళ్లీ రాయి. నీవు మంచి వాక్యం రాయగలవు. చిన్నప్పుడు నా ప్రూఫులలో అచ్చుతప్పులు పట్టినదానివి, ఈ తప్పు మాత్రం ఎలా వదిలావని కోపం వచ్చి ఇంత దూరం రాశాను.

మొదటి సంచిక ప్రూఫులు నాకు పంపు. గాయాల ప్రస్తావన ఉన్న పేజీలను ముందుగా పంపు, అవి వచ్చిన రోజే చదివి తిరిగి పంపిస్తాను. మిగిలినవి నిదానంగా చూస్తాను.

మీ పెదనాన్న