ఇంగ్లీష్ పాఠం వింటున్నప్పుడు పిల్లలు ప్రతి మాటా రాసుకోవాలా?

అక్కర్లేదు, మొదటిసారి కలం కింద పెట్టి వినాలి, రెండోసారి కీలకమైన మాటలే రాసుకోవాలి.

మాట్లాడేవారు నిమిషానికి సుమారు 120 నుంచి 150 మాటలు పలుకుతారు. చేత్తో రాయగలిగేది 20, 30 మాటలే. ఒక వాక్యం రాసేలోపు నాలుగైదు దాటిపోతాయి. పైగా తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి మన పిల్లల చెవి వాక్యం చివరి కోసం కాచుకుంటుంది. ఇంగ్లీషులో అది కర్త వెంటే వచ్చి వెళ్లిపోతుంది.

అమలాపురంలో తొమ్మిదో తరగతికి ధవళేశ్వరం ఆనకట్ట గురించి ఇంగ్లీషులో ఒక పేరా చదివారనుకుందాం: 1847లో మొదలై 1852లో పూర్తయింది, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరు అందించింది. నోట్సులో ఉండాల్సింది ‘ఆనకట్ట, 1847 → 1852, 3 డెల్టాలు’ అంతే. అసలు చిక్కు అంకెల దగ్గరే. ఫిఫ్టీ, ఫిఫ్టీన్ ఒకేలా వినిపిస్తాయి. మొదటిదానిలో ఊనిక ముందు, రెండోదానిలో చివర అని పాఠానికి ముందే పలికి చూపాలి.

చాలామంది డిక్టేషన్‌నే నోట్స్ అనుకుంటారు. డిక్టేషన్ అర్థం కాకపోయినా రాసేయవచ్చు. నోట్సు మధ్యలో తెలుగు మాట కనిపిస్తే దయచేసి కొట్టేయకండి. ఆ నోట్సు చూసి పిల్లలు రెండు ఇంగ్లీష్ వాక్యాలు చెప్పగలిగితే చాలు.