కాంతితో ద్రావణం చిక్కదనాన్ని కొలవగలమా?

ప్రశ్న: సర్ఫెక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) ద్రావణంలోకి లేజర్ కాంతిని పంపి, దాన్ని కదపకుండానే ప్రవాహ స్వభావాన్ని కొలుస్తారని చదివాను. ఇదెలా సాధ్యం? ఇక రియోమీటర్ (ద్రవాన్ని కదిపి దాని ప్రవాహ స్వభావాన్ని కొలిచే పరికరం) అవసరం లేనట్టేనా?

జవాబు: ఇక్కడ కాంతి కనిపెట్టేది ద్రావణాన్ని కాదు, అందులో మనం కలిపిన సూక్ష్మకణాల కదలికను. సాధారణంగా అర మైక్రాన్ వ్యాసమున్న పాలీస్టైరీన్ గోళాలను అతి కొద్దిగా కలుపుతారు. బ్రౌనియన్ చలనం (ద్రవంలోని అణువులు ఢీకొట్టడం వల్ల కలిగే ఎడతెగని కదలిక) వల్ల అవి అటూ ఇటూ కదులుతున్నకొద్దీ, పరిక్షేపణం చెందిన కాంతి తీవ్రత కూడా క్షణక్షణం మారుతుంది. ఆ హెచ్చుతగ్గులను విశ్లేషిస్తే, ఎంత కాలంలో కణం సగటున ఎంత దూరం జరిగిందో తెలుస్తుంది. నీటిలో ఆ దూరం వర్గం కాలానికి అనులోమంగా పెరుగుతుంది కనుక 1905 నాటి ఐన్‌స్టీన్ సూత్రంతోనే స్నిగ్ధత, అంటే చిక్కదనం, తేలిపోతుంది.

సెటైల్ ట్రైమిథైల్ అమ్మోనియం బ్రోమైడ్ అనే ధనావేశ సర్ఫెక్టెంట్ ద్రావణంలో సోడియం సాలిసిలేట్ అనే లవణం కలిపినప్పుడు పరిస్థితి మారుతుంది. మైసెల్లు (సర్ఫెక్టెంట్ అణువుల గుంపులు) పొడవాటి దారాలుగా పెరిగి, ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. ఆ వలలో చిక్కిన కణం మొదట కాస్త కదిలి, తర్వాత దాదాపు నిలిచిపోయి, దారాలు తెగి మళ్లీ అతుక్కుంటూ వల సడలాకనే ముందుకు సాగుతుంది. అది ఎంత దూరంలో నిలిచిందన్నది స్థితిస్థాపకతను, ఎంతసేపు నిలిచిందన్నది సడలింపు కాలాన్ని తెలియజేస్తాయి. ఇటువంటి ద్రవాలకు కూడా ఐన్‌స్టీన్ సూత్రాన్ని విస్తరించవచ్చని 1995లో మేసన్, వైట్జ్ అనే శాస్త్రవేత్తలు చూపారు. కొద్ది మైక్రోలీటర్ల నమూనా చాలు. పరికరం జడత్వం వల్ల రియోమీటర్ అందుకోలేని అధిక పౌనఃపున్యాలు, అంటే అతి వేగవంతమైన కదలికలు కూడా దీనికి అందుతాయి.

నా దృష్టిలో అసలు మెలకువంతా కణం ఎంపికలోనే ఉంది. అది వల కన్నాల కంటే పెద్దదై ఉండాలి, లేకపోతే దారాల మధ్య నుంచి జారిపోయి ద్రావణం పలచగా ఉన్నట్టు చూపుతుంది. రుణావేశమున్న గోళాలకు ధనావేశ సర్ఫెక్టెంట్ అంటుకుంటుంది కాబట్టి, రెండు పరిమాణాల కణాలతో కొలిచి ఫలితాలు కలుస్తున్నాయో లేదో చూడకుండా ఏ సంఖ్యనూ నమ్మకూడదు. మైసెల్లు వెదజల్లే కాంతి కంటే కణాలు వెదజల్లే కాంతి చాలా ఎక్కువగా ఉండటమూ తప్పనిసరి.

రియోమీటర్ విషయానికొస్తే, దాని అవసరం తీరదు. ఈ పద్ధతి నిశ్చలంగా ఉన్న ద్రావణం స్వభావాన్నే చెబుతుంది. గట్టిగా ఒత్తి ప్రవహింపజేసినప్పుడు ద్రావణం పలచబడటం, వేర్వేరు వేగాలతో కదిలే పొరలుగా విడిపోవడం ఇందులో కనిపించవు.