చెక్కు ‘డిజానర్’ అయితే పరువు పోయినట్టేనా?

ప్రశ్న: మాది తెనాలి. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. ఇల్లు కట్టుకుంటున్నాం. సిమెంటు, ఐరన్ షాపాయనకు 1,85,000 రూపాయల చెక్కు ఇచ్చాను. అది బ్యాంకుకు వెళ్ళిన రోజే కారు లోన్ ఈఎంఐ కట్ కావడంతో 1,400 తక్కువపడి చెక్కు తిరిగొచ్చింది. ఆయన బ్యాంకు కాగితం ఫొటో వాట్సాప్‌లో పంపారు. ‘డిజానర్డ్’ అని ఉంది. మా ఆవిడ డిక్షనరీ తీస్తే ‘అవమానం, పరువునష్టం’ అని కనపడింది. రెండు రోజులుగా నిద్ర లేదు. కేసు పెడతారా? సిబిల్ స్కోరు పడిపోతుందా?

జవాబు: అయ్యా, మీ ఆవిడ చూసిన అర్థం తప్పు కాదు. కానీ ఆ అర్థం మనుషులకు. బ్యాంకులో ఈ మాట కాగితానికి సంబంధించింది. ‘ఫలానా వారికి ఇంత చెల్లించండి’ అని మీరు రాసిచ్చిన మాటను బ్యాంకు మన్నిస్తే చెక్కు ఆనర్ అయినట్టు, మన్నించకపోతే డిజానర్ అయినట్టు. మీరు ఎలాంటివారో బ్యాంకు ఇచ్చిన ఆ కాగితం (మెమో) చెప్పడం లేదు. మన పేపర్లు రాసే ‘చెల్లని చెక్కు’ అన్న మాటే దీనికి దగ్గరగా ఉంటుంది.

డిజానర్‌లన్నీ ఒక్కటి కావు. మెమోలో కారణం ఏం రాశారో చూడండి. అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి రాసినా, తేదీ వేసిన మూడు నెలలు దాటినా చెక్కు తిరిగొస్తుంది. అలాంటప్పుడు ఇంకో చెక్కు రాసిస్తే సరిపోతుంది. హుండీల (వ్యాపారులు రాసుకునే చెల్లింపు కాగితాల) వ్యాపారంలో, బిల్లు ఎవరి మీద రాశారో వాళ్ళు ఒప్పుకోకపోయినా డిజానరే. ఖాతాలో డబ్బుండి కూడా బ్యాంకు పొరపాటున చెక్కు తిప్పి పంపితే, మీకు జరిగిన నష్టాన్ని బ్యాంకే భరించాలి. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 31వ సెక్షన్ చెప్పేది అదే. ఈ సంగతి చాలామందికి తెలియదు.

మీ మెమోలో ఉండేది ‘ఫండ్స్ ఇన్‌సఫీషియంట్’, అంటే ఖాతాలో డబ్బు చాలలేదని. జాగ్రత్త పడాల్సింది దీని దగ్గరే. అదే చట్టంలోని 138వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అయితే 1,400 తక్కువైన రోజే మీరు నేరస్థులైపోరు. బ్యాంకు నుంచి కబురు అందిన 30 రోజుల్లోపు ఆయన మీకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది మీకు చేరాక 15 రోజుల గడువుంటుంది. అప్పటికీ మీరు కట్టకపోతేనే, ఆ గడువు ముగిశాక ఒక నెలలోపు ఆయన కోర్టుకు వెళ్ళొచ్చు. నోటీసు స్పీడ్ పోస్టులో వస్తే మాత్రం వెనక్కి పంపకండి. సరైన చిరునామాకు వచ్చింది తీసుకోకపోయినా కోర్టు అందినట్టే లెక్కగడుతుంది. పోస్ట్‌మ్యాన్‌ని చూసి తలుపేసుకున్నవాళ్ళను నేను చూశాను. గడువు తలుపు బయటే గడిచిపోయింది. ‘స్టాప్ పేమెంట్ పెట్టేస్తే (ఆ చెక్కుకు డబ్బు ఇవ్వొద్దని బ్యాంకుకు చెప్పేస్తే) కేసుండదు’ అనే సలహా కూడా వినకండి. బాకీ నిజమైనప్పుడు అదీ ఈ సెక్షన్ కిందికే వస్తుంది.

అసలు మీ విషయం నోటీసు దాకా ఎందుకు పోవాలి? మీ దగ్గర డబ్బుంది, ఒక్కరోజు 1,400 తక్కువైంది, అంతే. మెసేజ్ పెట్టి ఊరుకోకుండా రేపే షాపుకు వెళ్ళండి. మొత్తం డబ్బు నెఫ్ట్ ద్వారా, అంటే మీ ఖాతా నుంచి నేరుగా ఆయన ఖాతాకు పంపండి, నగదు వద్దు. చెక్కు తిరిగొచ్చినందుకు ఆయన బ్యాంకు ఆయన దగ్గర కూడా చార్జీ పట్టుకుని ఉంటుంది. అడగకముందే అదీ ఇచ్చేయండి. పాత చెక్కు, మెమో వెనక్కి తీసుకుని, ‘ఫలానా నంబరు చెక్కు తాలూకు బాకీ పూర్తిగా ముట్టింది’ అని ఆయన సంతకంతో రాయించుకోండి. చెక్కు ఆయన దగ్గరే వదిలేసి రాకండి. మీరు భయపడుతున్న పరువు నిలబడేది ఆ షాపు కౌంటర్ దగ్గరే. ఇంటికి స్లాబు పడేదాకా ఆయనతో మీకు పనుంది.

సిబిల్ గురించి దిగులు వద్దు. షాపుకిచ్చిన చెక్కు తిరిగొస్తే ఆ విషయం స్కోరులోకి ఎక్కదు. ఈఎంఐ తప్పితే మాత్రం ఎక్కుతుంది. ఖాతాలోంచి ఈఎంఐ దానంతటదే కట్ కావడం (ఆటో డెబిట్) డబ్బు లేక ఫెయిలైనా, 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద చెక్కు బౌన్స్ లాంటి శిక్షే ఉంది. కాబట్టి షాపు బాకీ తీర్చే తొందరలో వచ్చే నెల ఈఎంఐకి డబ్బు లేకుండా చేసుకోకండి.

ఇంకొకటి. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కులు అదే రోజు క్లియరవుతున్నాయి. ‘ఈరోజు వేస్తే రేపటికి గదా, ఈలోపు సర్దుదాం’ అనుకునే వెసులుబాటు ఇక లేదు. మీ ఈఎంఐ ఏ తారీఖున కట్ అవుతుందో చూసుకుని, ఇకమీదట ఇచ్చే చెక్కుల మీద దానికి కనీసం మూడు రోజుల తర్వాతి తేదీ వేయండి. ఇల్లు పూర్తయ్యేదాకా ఈఎంఐకి ఒక ఖాతా, మేస్త్రీలకు, షాపులకు ఇంకో ఖాతా పెట్టుకుంటే మరీ మంచిది.