అడవినాభి దుంప తవ్వొచ్చా?

ప్రశ్న: మాస్టారూ, మాది మందస మండలంలో కొండ కింద ఊరు. మా జీడితోట కంచె మీద శ్రావణం వచ్చేసరికి ఎరుపూ పసుపూ కలిసిన అడవినాభి పువ్వులు విరగబూసేవి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో కంచె పొడవునా ఉండేవి. నిరుడు వెతికితే మూడు తీగలు కనిపించాయి. దుంపలు తవ్వి ఇంటి దగ్గర కుండీల్లో పెంచి కాపాడదామని నా ఆలోచన. గింజలు వేసి చూశాను, నెల దాటినా మొలవలేదు. దుంపలు కొంటామని ఒకాయన ఊళ్లో తిరుగుతున్నాడు. వేరేచోట పెంచుతామంటున్నాడు. ఇవ్వమంటారా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తవ్వొద్దమ్మా. ఆయనకు అసలే ఇవ్వొద్దు. పెంచుతారన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. తమిళనాడులో కరూర్, దిండిగల్ వైపు రైతులు దీన్ని పంటగా వేసి గింజలు అమ్ముతారు. గింజల్లోని కోల్చిసిన్ అనే పదార్థం గౌట్ అనే కీళ్లవాతానికి మందు. అయితే అలాంటి తోటలకు నాటు దుంపలు అడవుల్లో తవ్వి తీసుకుపోవడం ఎప్పటినుంచో ఉన్నదే. అక్కడ ఎన్ని ఎకరాలు పూస్తే మాత్రం మీ కంచెకు ఒరిగేదేమిటి? ఇది ఆసియాలోనూ ఆఫ్రికాలోనూ పెరిగే మొక్క, జింబాబ్వేకు జాతీయ పుష్పం, తమిళనాడుకు రాష్ట్ర పుష్పం. భూమ్మీద లేకుండా పోతుందన్న భయం లేదు. అంతమాత్రాన మందసలో పోతే పోనీ అనుకోలేం కదా.

ఈ దుంప నాగలి ఆకారంలో రెండు కొమ్ములుగా ఉంటుంది. ఒక్కో కొమ్ము కొసన ఒక్కటే మొగ్గ. గునపం తగిలి కొస విరిగిందా, ఆ కొమ్ము ఇక మొలవదు. పైగా ఏటా పాత దుంప వడిలిపోయి దాని బదులు కొత్తది ఊరుతుంది. పువ్వు చూసి ముచ్చటపడి వానాకాలంలో తవ్వితే పాతది అయిపోయి ఉంటుంది, కొత్తది ఇంకా ఊరి ఉండదు. రెంటికీ చెడుతుంది.

మీరు రాయలేదు గానీ, తోటలో గడ్డిమందు కొడుతున్నారా? నా అనుమానం దాని మీదే. జీడిగింజలు ఏరుకోవడానికి వేసవికి ముందు నేల శుభ్రం చేసుకుంటారు. దానితో పెద్దగా నష్టం లేదు. అప్పటికి తీగ ఎండిపోయి దుంప మట్టి కింద నిద్రలో ఉంటుంది, పైన కొడవలి ఆడినా దానికి పట్టదు. వానల్లో తీగ పచ్చగా ఉన్నప్పుడు మందు కొట్టినా, కంచె తుప్పలు నరికినా ఆ ఏడు దుంప ఊరదు, కాయ నిలవదు. వరసగా కొన్నేళ్లు అలా జరిగితే ఎంత పెద్ద గుంపైనా మీరు చెప్పిన మూడు తీగలకే వస్తుంది. పైగా దీని ఆకు కొస సన్నగా మెలిదిరిగి పక్క కొమ్మను పట్టుకుంటుంది. పట్టుకోవడానికి తుప్పే లేకపోతే పాకేదెలా? కాబట్టి కంచె వెంబడి ఒక బారెడు వెడల్పు నేలను తొలకరి నుంచి కార్తీకం దాటేదాకా ముట్టుకోకండి. ఇంట్లో మగవాళ్లు ‘తోట బీడులా ఉంది’ అని సణుగుతారు. సణగనివ్వండి.

మూడే తీగలున్నాయి కనుక మరో పని కూడా చేయాలి. పువ్వును దగ్గరగా చూడండి. ఆరు రేకులూ పైకి విరుచుకుని ఉంటాయి, పుప్పొడి తిత్తులు చుట్టూ చాచుకుని ఉంటాయి, పుప్పొడి అందుకునే సన్నని కాడ, అంటే కీలం, మాత్రం అండాశయం దగ్గరే మడత పడినట్టు పక్కకు వంగి దూరంగా పోతుంది. అందుకే తన పుప్పొడి తనకు అందడం కష్టం. సీతాకోకచిలుకలు రావాలి, పిట్టలు రావాలి. తమిళ రైతులు వాటిని నమ్ముకోకుండా ఉదయం పూట కూలీలతో చేత్తోనే పుప్పొడి అద్దిస్తారు. మీరూ పిల్లల రంగుల కుంచె ఒకటి తీసుకుని ఒక తీగ పుప్పొడిని మరో తీగ పువ్వు కీలం కొసకు అద్దండి. ఇది విషపు మొక్క, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

కాయ పగిలి లోపలి ఎర్రటి గింజలు కనిపిస్తే సగం అక్కడే రాలనివ్వండి, సగం తెచ్చుకోండి. మీ గింజలు మొలవలేదంటే చచ్చాయని కాదు, వీటికి నెలల తరబడి నిద్ర ఉంటుంది. ఇసుక కలిపిన మట్టిలో వేసి, తొలకరి పడేదాకా కుండీ పారబోయకండి. మొదటి ఏడు చిన్న మొలక, వేలెడంత కూడా లేని దుంప వస్తాయి. పువ్వుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. కుండీ కావాలన్న మీ కోరిక ఈ గింజలతో తీర్చుకోవచ్చు. పసిపిల్లలు, పశువులు తిరిగే చోట మాత్రం పెట్టకండి.

వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షించే మొక్కల జాబితాలో ఇది లేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఊరి మొక్కల రిజిస్టరు ఉండాలి. అందులో మీ కంచెను రాయించండి. రేపు మరో దుంపల బేరగాడు వస్తే చూపించడానికి కాగితమంటూ ఉంటుంది.

ప్రశ్న: అడవినాభి దుంప అరగదీసి తాగిస్తే పాము విషం విరుగుతుందంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: కాదు. ఆయుర్వేదం దీన్ని ఉపవిషాల్లో చేర్చింది, వైద్యులు శుద్ధి చేయకుండా వాడరు. పాము కరిచినవాడికి ఇది తాగిస్తే రెండో విషం ఎక్కించినట్టే. దుంప తిన్నవాడికి కొన్ని గంటల తర్వాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు, తగ్గుతుందిలే అని ఇంట్లో కూర్చోవద్దు. మనిషిని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, మిగిలిన దుంప ముక్కను కూడా పొట్లం కట్టి డాక్టరుకు చూపించండి.