మూతపడిన బీర్ రేటింగ్ సైటు డేటాను అందరికీ పంచవచ్చా?

రేట్‌బీర్ 2025 ఫిబ్రవరి 1న మూతపడకముందు మీరు దింపుకున్న రేటింగులను, సమీక్షలను ఆర్కైవుగా చేసి బహిరంగంగా ఉంచవచ్చా అని అడిగారు. నేనూ ఆ సైటులో చాలాకాలం రాసినవాణ్ణే. మూసివేత సంగతి తెలిశాక నా ఫైలుతో పాటు కొందరు మిత్రుల ఫైళ్లను కూడా ఒకచోట చేర్చి సర్దాను. ఆ పనిలో నాకు తేలిందేమిటంటే, భద్రపరచేటప్పుడు ఏదీ వదలకూడదు, పంచేటప్పుడు చాలావరకు వదిలేయాలి.

దింపిన ఫైలును ముట్టుకోకుండా పక్కన పెట్టి, దిద్దుబాట్లన్నీ నకలు మీదే చేయండి. అక్షరాలు యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటరులో దాచే పద్ధతి) ఉన్నాయో లేదో ముందే చూసుకోకపోతే జర్మన్, చెక్ బీర్ల పేర్లు చెదిరిపోతాయి. అంతకన్నా ముఖ్యం కొలమానం. రేట్‌బీర్‌లో రూపానికి 5, వాసనకు 10, రుచికి 10, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం మీద అభిప్రాయానికి 20, వెరసి 50 మార్కులు. ఆ మొత్తాన్ని 10తో భాగిస్తే వచ్చేదే పైకి కనిపించే అంకె. 3, 7, 7, 3, 14 వేస్తే 3.4 అవుతుంది. ఒక మిత్రుని ఫైలులో ఆ 3.4 ఒక్కటే మిగిలింది కాబట్టి, వాసన ఘుమఘుమలాడి రుచి తేలిపోయిన బీరుకూ అన్నింటిలోనూ మధ్యరకంగా ఉన్న బీరుకూ తేడా ఇక తెలియదు. ఇలాంటిదే మరో బీర్ రేటింగ్ సైటు బీర్‌అడ్వొకేట్‌లో ప్రతి అంశానికీ 5 మార్కులే గనుక, రెండు సైట్ల వాసన మార్కులను ఒకే నిలువు వరుసలో కలిపేస్తే ఆ పట్టిక ఎందుకూ కొరగాదు.

పంచడం దగ్గరికి వస్తే, సమీక్షల వాక్యాలు రాసినవారివి; సైటు పోయినంత మాత్రాన వారి హక్కు పోదు. ఉత్త అంకెలకు కాపీరైటు ఉండదని వాదించవచ్చు గానీ, ఐరోపా సమాఖ్యలో 1996 నాటి ఆదేశం డేటాబేసులకు విడిగా హక్కు కల్పించింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బీర్‌అడ్వొకేట్ నుంచి 15 లక్షలకు పైగా, రేట్‌బీర్ నుంచి దాదాపు 29 లక్షల సమీక్షలను పరిశోధన కోసం బహిరంగంగా ఉంచి, తరువాత తొలగించవలసి వచ్చింది.

సభ్యుల పేర్లు తీసేసి సంఖ్యలు పెడితే చాలదా అని చాలామంది అంటారు, చాలదు. నెట్‌ఫ్లిక్స్ 2006లో పేర్లు తీసేసి విడుదల చేసిన సినిమా రేటింగుల నుంచి కూడా మనుషులను గుర్తుపట్టవచ్చని నారాయణన్, ష్మాతికోవ్ అనే పరిశోధకులు 2008లో చూపించారు. కొద్దిమందే తాగిన ఒక చిన్న బ్రూవరీ బీరు, దాని పక్కన తేదీ ఉంటే, ఆ సాయంత్రం అక్కడ ఉన్నవారికి ఆ సభ్యుడెవరో ఇట్టే తెలిసిపోతుంది.

అందుకే నేను బీరు, బ్రూవరీల గుర్తింపు సంఖ్యలతో ఏడాదివారీ సగటులను మాత్రమే బయట పెట్టి, మరీ తక్కువ మంది రేట్ చేసిన బీర్లను తప్పించాను. సమీక్షల్లో నావి, అడిగినప్పుడు సరేనన్న మిత్రులవి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (ఇతరులు వాడుకోవడానికి రాసినవారే ముందుగా ఇచ్చే అనుమతి) కింద ఉంచాను. సైటు చూపిన సగటు వెయిటేజీతో సవరించినదనీ, నేను లెక్కగట్టినది మామూలు సగటనీ వివరణ ఫైలులో రాశాను. లేకపోతే రెండూ ఎందుకు సరిపోలడం లేదని అడిగేవారికి అంతుండదు. మీ దగ్గర ఉన్న పూర్తి ప్రతిని మాత్రం బహిరంగ లింకుగా పెట్టకండి. పాత పేజీలు ఎలా ఉండేవో చూడాలనుకునేవారిని ముందుగా ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో వెతకమనండి.