ఒకే ఓడకు రెండు పొడవులా?

సందేహం: టైటానిక్ ఓడ గురించి అనువాదం చేస్తున్నాను. పొడవు ఒకచోట 882 అడుగుల 9 అంగుళాలనీ, మరోచోట 852.5 అడుగులనీ ఉంది. ఏది రాయాలి? ‘పొడవు’ అనాలా, ‘నిడివి’ అనాలా? ‘లంబాంతర దైర్ఘ్యం’ (రెండు నిలువు గీతల మధ్య పొడవు) అనే మాట వాడవచ్చా?

సమాధానం: రెండు అంకెలూ సరైనవే. కొలిచిన చోట్లు వేరు. మొదటిది ముందు కొన నుంచి వెనుక కొన దాకా ఉన్న మొత్తం పొడవు. రెండోది ఓడను నమోదు చేసే రిజిస్టరు కోసం తీసిన కొలత. అది ముందు కొన దగ్గర మొదలై, చుక్కానిని బిగించే నిలువు స్తంభం దగ్గర ఆగిపోతుంది. టైటానిక్ ఫొటోను పక్కనుంచి చూడండి. వెనుక భాగం చుక్కానిని దాటి నీటిపైకి వంపుగా సాగి ఉంటుంది. ఆ 30 అడుగుల పైచిలుకు రెండో లెక్కలోకి రాలేదు.

మూడో కొలత కూడా ఉంది. ఓడ నీటిని తాకే గీత వెంబడి తీసేది. ముందు భాగం ఏటవాలుగా ఉన్న పడవలో సరుకు నింపితే అది కిందికి దిగుతుంది, ఆ గీత పొడవూ పెరుగుతుంది. పడవ వేగాన్ని అంచనా వేసేవాళ్లకు ఇదే ముఖ్యం. రేవులో ఎంత చోటు కావాలో చూసేవాళ్లకు మొత్తం పొడవు కావాలి.

ఇక మాటల సంగతి. పాత తెలుగులో ‘పొడవు’కు ఎత్తు అనే అర్థం బలంగా ఉండేది. పొడగరి అంటే ఎత్తైన మనిషే కదా! నిడుద, నిడుపు, నిడివి అన్నవి సాగి ఉన్నదాన్ని చెప్పే మాటలు. ఆ లెక్కన ఓడకు ‘నిడివి’ తప్పు కాదు. కానీ ఇప్పుడు ఆ మాట వినగానే సినిమా, ప్రసంగం, వీడియో గుర్తొస్తాయి. అందుకే ఓడకు ‘పొడవే’ మేలు. అంకె చెప్పినప్పుడు మాత్రం ‘పొడవైన’ కంటే ‘పొడవున్న’ బాగుంటుంది.

‘లంబాంతర దైర్ఘ్యం’ నాకు నచ్చలేదు. చదివేవాడికి ఓడ కనిపించదు. పైగా ‘దైర్ఘ్యం’ను ‘ధైర్యం’తో కలిపేసుకుని ‘ధైర్ఘ్యం’ అని రాసేవాళ్లు చాలామంది. ‘చుక్కాని స్తంభం దాకా పొడవు’ అంటే కొలత ఎక్కడ ఆగిందో ఆ మాటే చెబుతుంది.

మీ వాక్యం ఇలా రాయండి: ‘ముందు కొన నుంచి వెనుక కొన దాకా 882 అడుగుల 9 అంగుళాల పొడవున్న ఓడ.’