పార్కులో మిణుగురు పురుగులు: లైటు కన్నా ముందు చీపురు సంగతి చూడండి

మహబూబ్‌నగర్‌లో మీ కాలనీ పార్కులో తొలకరి తర్వాత నాలుగైదు మిణుగురు పురుగులు కనిపించాయని, అవి పోకుండా ఏం చేయాలని అడిగారు కదా. మాది నల్గొండ వైపు ఊరు. మా పల్లె ప్రకృతి వనంలో మూడేళ్లుగా ఇదే పని మీద ఉన్నాను. మొదటి ఏడాది మాత్రం పని చెడగొట్టింది నేనే.

అందరిలాగే నేనూ ముందు లైట్ల మీద పడ్డాను. అదీ అవసరమే. మగ పురుగు ఎగురుతూ మెరిస్తే, కింద గడ్డిలోని ఆడది తిరిగి మెరుస్తుంది. తెల్లని ఎల్‌ఈడీ వెలుగు పడితే ఆ మెరుపు వాటికి కనబడదు, జత కలవదు. కార్యదర్శి గారి వెంటపడి కుంట వైపున్న రెండు లైట్లు జూన్, జూలైలలో రాత్రి ఎనిమిది దాటాక ఆర్పించాను. అయినా మరుసటి మృగశిరకు ఉన్నవి కూడా తగ్గాయి!

ఎండాకాలంలో శుభ్రంగా ఉంటుందని కానుగ చెట్ల కింది ఆకు అలమంతా ఊడ్పించి తగలబెట్టించాను. అసలు తప్పు అక్కడే జరిగింది. మనకు ఎగురుతూ కనిపించేది ఆ పురుగు బతుకులో చివరి రెండు మూడు వారాలే. అంతకుముందు నెలల తరబడి రెక్కల్లేని పిల్లపురుగుగా తడి మట్టిలో, కుళ్లిన ఆకుల కింద నత్తలను, వానపాములను తింటూ పెరుగుతుంది. నేను చెత్తనుకుని కాల్పించింది వచ్చే ఏడాది మిణుగురులనే.

ఇప్పుడు వెనక మూలన ఓ పది అడుగుల మేర చీపురు పెట్టనివ్వం. పాములొస్తాయని పెద్దమనుషులు గొడవ చేశారు, ఆ భయం కొట్టిపారేసేది కాదు. అందుకే నడిచే దారికి రెండు పక్కలా శుభ్రంగా ఉంచి, ఆ మూలకు కంచె కట్టాం. ఎండాకాలంలో వారానికి రెండుసార్లు నీళ్లు చల్లుతాం. గడ్డిమందు, నత్తల మందు అక్కడ బంద్. వానాకాలం చివర్లో ఓ రాత్రి టార్చి ఆపి కూర్చుంటే ఆకుల సందున నేల మీదే సన్నటి వెలుగు కనిపించింది. పిల్లపురుగులూ వెలుగుతాయని అప్పటిదాకా నాకు తెలియదు. ఈసారి జూన్‌లో మా పిల్లలు ఒక్క రాత్రే పదిహేడు లెక్కపెట్టారు. పట్టి సీసాలో వేస్తామన్నారు గానీ ఒప్పుకోలేదు.

మీది టౌను కాబట్టి ఇంకొకటి: దోమల పొగ. ఆ బండి సరిగ్గా పొద్దుగూకే వేళకే వస్తుంది, మిణుగురులు లేచేదీ అప్పుడే. ఆ పొగకు దోమా మిణుగురూ ఒకటే. వానలు పడకముందే మున్సిపాలిటీ వాళ్లతో మాట్లాడి, పార్కు లోపలికి కొట్టొద్దని, నీళ్లు నిలిచే డ్రైనేజీల దగ్గరే చూసుకోమని అడగండి. కాలనీవాళ్లు పదిమంది సంతకాలతో కాగితం ఇస్తే పని తొందరగా అవుతుంది.